సిమిలిపాల్ పులులు ఎందుకు నల్లబడ్డాయి: చిన్న గుంపుల్లో జన్యువుల లెక్క

ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో పెట్టిన కెమెరాలకు ఒక అరుదైన పులి చిక్కుతూ ఉంటుంది. దాని ఒంటి మీద చారలు వెడల్పుగా పరుచుకుని ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. దూరం నుంచి చూస్తే పులి నల్లగా కనిపిస్తుంది, నారింజ రంగు మధ్యమధ్యలో సన్నటి గీతల్లా మిగులుతుంది. దీని మూలాన్ని బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) శాస్త్రవేత్తలు ఉమా రామకృష్ణన్, వినయ్ సాగర్, వారి సహచరులు 2021లో తేల్చారు. టాక్‌పెప్ అనే జన్యువు డీఎన్‌ఏ రాతలో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ఇలా జరుగుతోంది. అలా మారిన జన్యువు ప్రతులు (కాపీలు) తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అందితేనే పులి నల్లగా పుడుతుంది. సిమిలిపాల్ పులుల్లో దాదాపు 37 శాతం ఇలాంటివేనని వారి అంచనా. మరే అడవిలోనూ ఈ నల్లపులులు లేవు.

ఈ సంగతి వినగానే మనసు ఒక కారణం కోసం వెతుకుతుంది. దట్టమైన అడవి కాబట్టి నల్లటి పులి నీడల్లో కలిసిపోతుందేమో, వేట సులువవుతుందేమో, అందుకే ఆ రంగు నిలిచిందేమో అనిపిస్తుంది. అలాంటి లాభం లేనే లేదని ఎవరూ కొట్టిపారేయలేదు. కానీ పరిశోధకులు కంప్యూటర్‌లో లెక్కలు నడిపి చూస్తే, ఏ లాభమూ లేకపోయినా ఇదే ఫలితం రాగలదని తేలింది. కొద్ది పులులతో మొదలైన గుంపు ఒకటి, బయటి పులులతో దానికి రాకపోకలు తెగిపోవడం ఒకటి. ఈ రెండూ కలిస్తే చాలు, అరుదైన రంగు కొన్ని తరాల్లో మామూలు రంగు అయిపోవచ్చు.

ఇది అంత తేలిగ్గా మింగుడుపడే విషయం కాదు. పరిణామం అంటే పరిస్థితులకు తగిన లక్షణం గెలవడం అని బడిలో చదువుకున్నాం. అది నిజమే. అయితే గుంపు చిన్నదయ్యే కొద్దీ గెలుపోటములు అదృష్టం చేతుల్లోకి వెళ్లిపోతాయి. ఆ అదృష్టపు ఆటకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు జెనెటిక్ డ్రిఫ్ట్. నీటిలో పడిన ఆకు ఎటు పడితే అటు కొట్టుకుపోయినట్టు, ఒక జన్యు రూపం తరం నుంచి తరానికి పెరుగుతూ తగ్గుతూ సాగడమే డ్రిఫ్ట్. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల గురించి వచ్చే వార్తల్లో సంఖ్యలే కనిపిస్తాయి: ఇన్ని ఉండేవి, ఇన్నయ్యాయి, మళ్లీ ఇన్నయ్యాయి. ఆ సంఖ్యల వెనక ఏం పోయిందో, ఏం మిగిలిందో చెప్పేది డ్రిఫ్టే.

బొమ్మా బొరుసూ

ప్రతి జంతువులో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి. తన పిల్లకు అది ఇచ్చేది ఆ రెండింటిలో ఒకదాన్నే. ఏది అందుతుందన్నది నాణెం ఎగరేసినట్టే ఉంటుంది. ఒక ఆడపులిలో ఒక అరుదైన జన్యు రూపం ఒకే ప్రతిగా ఉందనుకుందాం. దానికి పుట్టిన కూనల్లో రెండు మాత్రమే బతికితే, ఆ రూపం రెండింటిలో దేనికీ అందకపోయే అవకాశం నాలుగింట ఒకటి. అలా అందకపోతే ఆ పులితోపాటే ఆ రూపమూ పోతుంది. అది మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే రాదు.

పెద్ద గుంపులో ఇలాంటి నష్టాలు సర్దుకుంటాయి. ఒకరి దగ్గర పోయింది ఇంకొకరి దగ్గర మిగులుతుంది. నాణెం వెయ్యిసార్లు ఎగరేస్తే బొమ్మలు 500కు దగ్గర్లోనే వస్తాయి. నాలుగుసార్లే ఎగరేస్తే నాలుగూ ఒకే వైపు పడటం ఎనిమిదింట ఒకసారి జరుగుతుంది. చిన్న గుంపు అంటే ప్రతి తరంలోనూ నాణేన్ని కొన్నిసార్లే ఎగరేయడం. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ తరంలో ఒక రూపం 50 శాతం నుంచి 40కి తగ్గితే, వచ్చే తరం ఆట 40 నుంచే మొదలవుతుంది. మళ్లీ 50కి లాగే శక్తి ఏదీ లేదు. అలా నడుస్తూ నడుస్తూ అది సున్నాకో నూరుకో చేరిందంటే ఆ జన్యువు వరకు ఆట ముగిసినట్టే. సున్నాకు చేరితే ఆ రూపం లేదు, నూరుకు చేరితే మిగతావేవీ లేవు.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపిన ప్రయోగం ఒకటుంది. పీటర్ బ్యూరీ అనే శాస్త్రవేత్త పండ్ల ఈగలతో చేసి 1956లో ప్రచురించాడు. 107 చిన్న గుంపులను వేర్వేరు సీసాల్లో పెట్టాడు. ఒక్కోదానిలో ఎనిమిది మగ ఈగలు, ఎనిమిది ఆడ ఈగలు. కంటి రంగుకు సంబంధించిన ఒక జన్యువుకు రెండు రూపాలు, అన్ని గుంపుల్లోనూ సరిగ్గా సగం సగంగా మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ పుట్టిన ఈగల్లోంచి ఎంచకుండా మళ్లీ 16 తీసి తర్వాతి తరానికి పంపాడు. 19 తరాలు గడిచేసరికి సగానికి పైగా గుంపుల్లో ఒకే రూపం మిగిలింది. 30 గుంపుల్లో ఒక రూపం పూర్తిగా మాయమైంది, 28 గుంపుల్లో అదే రూపం మొత్తం ఆక్రమించింది.

ఈ ప్రయోగంలో చాలామంది దాటేసే సంగతి ఒకటుంది, నాకు మాత్రం అదే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. 30, 28 అన్న అంకెలను చూడండి, దాదాపు సమానం. అంటే 107 గుంపులనూ కలిపి చూస్తే రెండు రూపాలూ ఇంకా ఇంచుమించు సగం సగంగానే ఉన్నాయి. మొత్తంలో ఏదీ పోలేదు. పోయింది ఒక్కో గుంపులోనే, అదీ ఒక్కో గుంపులో ఒక్కోటి. విడివిడి గుంపులను కాపాడే ప్రయత్నమంతా ఈ ఒక్క వాస్తవం మీద నిలబడి ఉంది. చివర్లో మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

సీసా మెడ

ఒక పెద్ద గుంపు ఒక్కసారిగా కొద్దిమందికి కుంచించుకుపోయి, ఆ కొద్దిమంది నుంచే మళ్లీ పెరిగితే దాన్ని బాటిల్‌నెక్ అంటారు. రంగురంగుల గింజలు నిండిన సీసాను వంచితే సన్నటి మెడలోంచి కొన్నే బయటపడతాయి. పడిన గింజలు నేలలో మొలిచి ఎన్ని వేలైనా కావచ్చు, కానీ సీసాలో ఉండిపోయిన రంగులు ఆ పంటలో కనిపించవు. కొద్ది జంతువులు ఒక కొత్త దీవికి చేరి అక్కడ సంతతిని మొదలుపెట్టినా ఇదే జరుగుతుంది. దాన్ని స్థాపక ప్రభావం అంటారు.

దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉత్తర ఎలిఫెంట్ సీల్ అనే భారీ సముద్ర క్షీరదం. కాలిఫోర్నియా, మెక్సికో తీరాల్లో వీటిని కొవ్వు నుంచి తీసే నూనె కోసం 19వ శతాబ్దంలో ఊచకోత కోశారు. ఒక దశలో ఇవి పూర్తిగా అంతరించాయనే అనుకున్నారు. 1892లో మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవిలో కొన్ని కనిపిస్తే, మ్యూజియం కోసం వాటిలోనూ ఏడింటిని చంపారు. చదివిన ప్రతిసారీ నన్ను కలచివేసే సంఘటన ఇది. అంతరించిపోతున్నాయి కాబట్టి నమూనాలు ముందే దాచుకోవాలన్న ఆలోచన ఆ రోజుల్లో అంత సహజంగా ఉండేది. ఎలాగో కొన్ని పదులు బతికి బయటపడ్డాయి. 1922లో మెక్సికో రక్షణ కల్పించింది. ఈరోజు వాటి సంఖ్య రెండు లక్షలకు పైమాటే. అంకెలే చూస్తే ఇది గొప్ప విజయగాథ. కానీ 1974లో బొనెల్, సెలాండర్ అనే పరిశోధకులు వీటి రక్తంలోని ప్రొటీన్లను పోల్చి చూసినప్పుడు, పరీక్షించిన 24 జన్యు స్థానాల్లో ఒక్కదానిలోనూ తేడా కనిపించలేదు. ఆ స్థానాల్లో ఏ సీల్‌ను తీసుకున్నా ఒకటే. సంఖ్య వేల రెట్లు పెరిగింది, వైవిధ్యం మాత్రం మెడ దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ ఒక అపోహను సరిచేయాలి. బాటిల్‌నెక్ అనగానే వైవిధ్యమంతా ఒక్క దెబ్బకు తుడిచిపెట్టుకుపోతుందని అనుకుంటారు. లెక్క వేరేలా చెబుతుంది. ఒక తరంలో పోయే వైవిధ్యం సుమారుగా, సంతానం కనే జంతువుల సంఖ్యను రెట్టింపు చేసి దానితో ఒకటిని భాగిస్తే వచ్చేంత. పది జంతువులే మిగిలితే ఒక తరంలో పోయేది ఇరవయ్యో వంతు, అంటే 5 శాతం. 95 శాతం నిలుస్తుంది. వినడానికి ధైర్యంగానే ఉంది. కానీ ఆ గుంపు పదిలోనే ఇరుక్కుపోతే పది తరాలకు మిగిలేది 60 శాతం, ఇరవై తరాలకు 36 శాతం. కాబట్టి మెడ ఎంత సన్నగా ఉందన్నదానితోపాటు ఎంత పొడవుగా ఉందన్నది కూడా చూడాలి. గట్టి దెబ్బ తిన్నా త్వరగా కోలుకున్న గుంపు చాలావరకు తప్పించుకుంటుంది. పది తరాలూ ఇరవై తరాలూ కొద్ది సంఖ్యలోనే ఈడ్చుకొచ్చే గుంపు ప్రతి తరంలోనూ కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటుంది.

ఆ 95 శాతంలోనూ ఒక మెలిక ఉంది. అది సగటు వైవిధ్యం లెక్క, అరుదైన రూపాలను అది పట్టించుకోదు. గుంపులో నూటికి ఒక్క ప్రతిగా ఉండే రూపాన్ని తీసుకోండి. పది జంతువులంటే ఇరవై ప్రతులు. ఆ ఇరవైలో ఈ అరుదైన రూపం ఒక్కటైనా ఉండే అవకాశం 18 శాతమే. అంటే ఒక్క తరం మెడలోనే ఇలాంటి అరుదైన రూపాల్లో ఐదింట నాలుగు పోతాయి. కొత్త రోగం వచ్చినప్పుడో, వాతావరణం మారినప్పుడో అక్కరకొచ్చేవి ఇలాంటివే కావచ్చు. పోయినవి తిరిగి రావాలంటే కొత్త ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో కొత్త మార్పులు, పుట్టాలి. దానికి వేల తరాలు పడుతుంది.

తలలు లెక్కపెడితే సరిపోదు

పైన "సంతానం కనే జంతువులు" అని జాగ్రత్తగా అనడానికి కారణం ఉంది. అమెరికా శాస్త్రవేత్త సీవాల్ రైట్ 1931లో ప్రభావక సంఖ్య అనే భావనను తెచ్చాడు. గుంపులో ఎన్ని జంతువులున్నాయన్నది ఒక లెక్క, డ్రిఫ్ట్ దృష్టిలో అది ఎన్ని జంతువుల గుంపులా ప్రవర్తిస్తోందన్నది మరో లెక్క. రెండోది దాదాపు ఎప్పుడూ చిన్నదే, అడవి జంతువుల్లో చాలాసార్లు పదో వంతుకు దగ్గరగా ఉంటుంది.

ఎందుకంటే అన్ని జంతువులూ సమానంగా పిల్లల్ని కనవు. ఎలిఫెంట్ సీళ్లనే చూడండి. తీరం మీద ఒక బలమైన మగది డజన్ల కొద్దీ ఆడవాటిని తన అదుపులో పెట్టుకుంటుంది, మిగతా మగవాటిలో చాలావరకు జీవితాంతం ఒక్క పిల్లకూ తండ్రి కాలేవు. 100 సీళ్లు ఉండి, వాటిలో తండ్రులు ఇద్దరే, తల్లులు 98 మంది అనుకుందాం. రైట్ సూత్రం ప్రకారం ప్రభావక సంఖ్య ఎనిమిది కూడా నిండదు. 98 మంది తల్లుల పిల్లలందరూ ఒకే తండ్రికో రెండో తండ్రికో పుట్టినవారు కావడమే దానికి కారణం.

కాలంలో వచ్చే ఒడిదొడుకులు ఇంకా కఠినంగా ఉంటాయి. ఒక గుంపు నాలుగు తరాల్లో 1000, 1000, 10, 1000 అని నడిచిందనుకుందాం. మామూలు సగటు 750 దాటుతుంది. డ్రిఫ్ట్ లెక్కలో మాత్రం ఆ నాలుగు తరాల ప్రభావక సంఖ్య 39 దగ్గర ఉంటుంది. ఒక్క చెడ్డ తరం మిగతా మూడు మంచి తరాలనూ కిందికి లాగేస్తుంది. అందుకే "సంఖ్య పెరిగింది" అన్న వార్త చదివినప్పుడు నా మనసులో వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: మధ్యలో ఎంతకు పడిపోయింది, అక్కడ ఎన్నాళ్లుంది?

ఇంకో మాట. గుంపు చిన్నదైతే ప్రకృతి వరణం, అంటే తగిన లక్షణాలను నిలిపి తగనివాటిని ఏరేసే ప్రక్రియ, బలహీనపడుతుంది. కొద్దిపాటి హాని చేసే జన్యు రూపాన్ని పెద్ద గుంపులో వరణం మెల్లగా ఏరిపారేస్తుంది. ప్రభావక సంఖ్య 50 ఉన్న గుంపులో, ఒక శాతం కంటే తక్కువ హాని చేసే రూపాన్ని వరణం దాదాపు గుర్తుపట్టలేదు. అది నాణెం మీదే ఆధారపడి ఊరేగుతుంది. మిగిలింది కాబట్టి మంచిదే అయ్యుంటుందన్న నమ్మకం చిన్న గుంపుల విషయంలో పనికిరాదు.

చుట్టాల మధ్యే జోడీ

డ్రిఫ్ట్, అంతఃప్రజననం అన్నవి రెండు వేరు విషయాలు. డ్రిఫ్ట్ రూపాలను పోగొడుతుంది. అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తసంబంధీకుల మధ్య సంతానం, ఉన్న రూపాలనే జంటలుగా కలుపుతుంది. హాని చేసే చాలా రూపాలు ఒక్క ప్రతిగా ఉన్నంతకాలం మరుగున ఉంటాయి, రెండు ప్రతులు కలిస్తే బయటపడతాయి. ఆ చెడ్డ రూపాలను చుట్టరికం కొత్తగా పుట్టించదు, దాగి ఉన్నవాటిని పైకి తెస్తుంది. చిన్న గుంపులో ఇది తప్పించుకోలేనిది. ఎన్ని తరాలు దూరం పాటించినా చివరికి ఎవరిని చూసినా చుట్టమే అవుతారు.

ఫ్లోరిడా పాంథర్ల కథలో ఇది కళ్లెదుటే కనిపించింది. ఇవి ప్యూమా జాతి పెద్దపిల్లులు. 1990ల మొదట్లో 20 నుంచి 30 దాకా మాత్రమే మిగిలాయి. వాటి తోకల చివర వంకర తిరిగి ఉండేది, చాలా మగవాటిలో వృషణాలు కిందికి దిగేవి కావు, కొన్నిటికి గుండెలో రంధ్రాలుండేవి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా పట్టేసేది ఐల్ రాయల్ తోడేళ్ల చరిత్ర. అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఐల్ రాయల్ ఒక దీవి. 1940ల చివర్లో సరస్సు గడ్డకట్టినప్పుడు కొన్ని తోడేళ్లు మంచు మీదుగా నడిచి అక్కడికి చేరాయి. 1958 నుంచి శాస్త్రవేత్తలు వాటిని ఏటా లెక్కపెడుతూ వచ్చారు. 1980లో 50 దాకా ఉన్న గుంపు, పార్వో వైరస్ సోకాక రెండేళ్లలో 14కు పడిపోయింది. తర్వాత కూడా సరిగ్గా కోలుకోలేదు. వెన్నుపూసలు వంకరగా ఉన్న తోడేళ్లు మామూలైపోయాయి. 1997లో ఒక మగ తోడేలు కెనడా వైపు నుంచి మంచు దాటి వచ్చింది. ఒంటరిగా వచ్చిన ఆ ఒక్క జంతువు సంతానం ఎంతగా విస్తరించిందంటే, పదేళ్లు దాటేసరికి దీవిలోని జన్యువుల్లో సగానికి పైగా దానివే. మొదట్లో అది ప్రాణం పోసింది. తర్వాత ప్రతి తోడేలూ దానికి పిల్లో మనవడో కావడంతో అదే కొత్త చిక్కు అయింది. వాతావరణం వేడెక్కి సరస్సు మీద మంచు వంతెన ఏర్పడటం అరుదైపోయింది. 2016 నాటికి రెండు తోడేళ్లే మిగిలాయి. అవి తండ్రీకూతుళ్లు, పైగా ఇద్దరికీ తల్లి ఒకటే. చివరికి 2018, 2019లలో మనుషులే 19 తోడేళ్లను తెచ్చి దీవిలో వదిలారు.

ఒక కొత్త ప్రాణి వస్తే గుంపు బాగుపడుతుందన్న మాట నిజం. అది ఒక్కసారి వస్తే చాలదన్నదీ అంతే నిజం. ఈ రెండూ ఒకే దీవి నేర్పింది.

గూటి అంచు మీద గుడ్లు

మనుషుల దయ కూడా డ్రిఫ్ట్‌కు ఎలా తోడవుతుందో న్యూజిలాండ్ చాతం దీవుల్లోని బ్లాక్ రాబిన్ పిట్టలను చూస్తే తెలుస్తుంది. 1980లో ప్రపంచం మొత్తం మీద ఐదు పిట్టలే మిగిలాయి. వాటిలో సంతానం నిలుపుకోగలిగిన ఆడపిట్ట ఒక్కటే, దానికి ఓల్డ్ బ్లూ అని పేరు పెట్టారు. డాన్ మెర్టన్ నాయకత్వంలో సంరక్షకులు దాని గుడ్లను తీసి వేరే జాతి పిట్టల గూళ్లలో పొదిగించారు. గూడు ఖాళీ అయితే ఓల్డ్ బ్లూ మళ్లీ గుడ్లు పెట్టేది. అలా ఆ జాతి బతికింది. ఈరోజు ఉన్న ప్రతి బ్లాక్ రాబిన్ ఓల్డ్ బ్లూ, దాని జోడీ ఓల్డ్ యెల్లో వంశమే.

ఆ రోజుల్లో కొన్ని ఆడపిట్టలు గుడ్డును గూటి మధ్యలో పెట్టకుండా అంచు మీద పెట్టేవి. అలా పెట్టిన గుడ్డు పొదగదు. ఒక్కో గుడ్డూ ప్రాణంతో సమానమైన రోజులవి, కాబట్టి సంరక్షకులు వాటిని మెల్లగా లోపలికి జరిపేవారు. ఎవరైనా అదే చేస్తారు. అయితే అంచు మీద గుడ్డు పెట్టే గుణం వంశపారంపర్యమైనది. మామూలుగా ఆ గుణం ఉన్న పిట్టకు పిల్లలు తక్కువై అది కనుమరుగవ్వాలి. మనుషులు సరిచేయడంతో ఆ అడ్డు తొలగింది, గుంపు చిన్నది కావడంతో గుణం వేగంగా పాకింది. 1980ల చివరికి ఆడపిట్టల్లో సగానికి పైగా అంచు మీదే గుడ్లు పెట్టసాగాయి. గుడ్లు జరపడం మానేశాక ఆ గుణం మెల్లగా తగ్గి 2011 నాటికి 9 శాతానికి దిగింది. సరైన సమయంలో ఆపకపోయి ఉంటే, ప్రతి గూటి పక్కనా ఎప్పటికీ ఒక మనిషి ఉండాల్సి వచ్చేది.

మరి కొన్ని ఎందుకు బతికాయి?

ఇంతవరకు చదివితే చిన్న గుంపులన్నిటికీ చావు రాసిపెట్టి ఉందనిపిస్తుంది. అలా లేదు. ఇంగ్లండ్‌లోని చిల్లింగ్‌హామ్ పశువుల మంద 300 ఏళ్లకు పైగా బయటి సంపర్కం లేకుండా ఉంది. 1947 చలికాలంలో 13కు పడిపోయి కూడా కోలుకుంది. వాటి జన్యువుల్లో తేడాలు దాదాపు లేవు, అయినా సంతానం కంటూనే ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని కాకాపో చిలుకలు 1995లో 51 మాత్రమే ఉండేవి, తర్వాత 200 దాటాయి. స్టీవార్ట్ దీవి కాకాపోల జన్యుపటాన్ని 2021లో పరిశీలిస్తే, న్యూజిలాండ్ ప్రధాన భూభాగంలో ఒకప్పుడు బతికిన కాకాపోల కంటే వీటిలో హానికరమైన ఉత్పరివర్తనాలు తక్కువగా ఉన్నట్టు కనిపించింది.

దీనికి కారణం ప్రక్షాళన అనే ప్రక్రియ. ఒక గుంపు వేల ఏళ్లుగా చిన్నగానే ఉంటే, తీవ్రమైన హాని చేసే రూపాలు మాటిమాటికీ జంటలుగా కలిసి బయటపడతాయి, అవి మోసే జంతువులు పిల్లల్ని కనకముందే చనిపోతాయి. అలా ఆ రూపాలు వడపోతకు గురవుతాయి. కాలిఫోర్నియా గల్ఫ్‌లోని వక్విటా అనే చిన్న సముద్ర క్షీరదం దీనికి ఆశ కలిగించే ఉదాహరణ. పదికి అటూ ఇటుగా మిగిలిన ఈ జీవుల జన్యువులను పరిశీలించి 2022లో వచ్చిన అధ్యయనం, ఇవి మొదటి నుంచీ కొద్ది సంఖ్యలోనే బతికాయని, ప్రాణాంతకమైన రూపాలు తక్కువని, చేపల వలల్లో చిక్కి చనిపోవడం ఆగితే కోలుకునే అవకాశం ఉందని చెప్పింది. జన్యువులు పాడయ్యాయి కాబట్టి లాభం లేదని చేతులు దులుపుకోవడానికి అక్కడ వీల్లేదు. వాటిని చంపుతున్నవి వలలు.

పెద్ద గుంపు ఒక్కసారిగా చిన్నదైపోవడం దీనికి పూర్తిగా భిన్నం. అంతకాలం మరుగున దాగిన చెడ్డ రూపాలన్నీ ఒకేసారి బయటికొస్తాయి, వడపోతకు సమయం ఉండదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రెయిరీ కోళ్లు వేల నుంచి 50 లోపుకు పడిపోయినప్పుడు, ఒకప్పుడు 90 శాతం దాటి పొదిగిన గుడ్లు సగం కూడా పొదగని స్థితికి వచ్చాయి.

ప్రక్షాళన కూడా అంతా కడిగేయదు. రష్యా ఉత్తరాన ఉన్న రాంగెల్ దీవిలో ప్రపంచంలోని చివరి మామత్‌లు (ఏనుగులకు దగ్గరి చుట్టాలైన పురాతన జంతువులు) జీవించాయి. సముద్రమట్టం పెరిగి సుమారు 10,000 ఏళ్ల కిందట అవి అక్కడ చిక్కుకుపోయాయి. 2024లో వచ్చిన జన్యు అధ్యయనం ప్రకారం, మొదట్లో ఎనిమిది జంతువులకు మించి లేవు, ఇరవై తరాల్లో 200 నుంచి 300 దాకా పెరిగి, ఆ తర్వాత 6000 ఏళ్లు నిలకడగా బతికాయి. తీవ్రమైన చెడ్డ రూపాలు వడపోతలో పోయాయి, కొద్దిపాటి హాని చేసేవి మాత్రం చివరిదాకా పేరుకుంటూనే ఉన్నాయి. సుమారు 4000 ఏళ్ల కిందట ఆ మామత్‌లు అంతరించాయి.

ఇక రోగాల సంగతి. 1982లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక సఫారీ పార్కులో కరోనా వైరస్ ఒకటి చీతాల్లోకి చొరబడింది. అక్కడి చీతాల్లో 60 శాతం దాకా చనిపోయాయి. అదే పార్కులోని సింహాలకు ఏమీ కాలేదు. చీతాల్లో జన్యు వైవిధ్యం ఎంత తక్కువంటే, సంబంధం లేని చీతాల మధ్య చర్మం అతికించినా శరీరం దాన్ని వెంటనే తిరస్కరించలేదని స్టీఫెన్ ఓబ్రియన్ బృందం చూపింది. అందరి రోగనిరోధక వ్యవస్థా ఒకేలా ఉంటే, ఒకరిని ఓడించిన వైరస్ అందరినీ ఓడించగలదు. అయితే ప్రతి మరణాన్నీ జన్యువుల ఖాతాలో వేయకూడదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో వైవిధ్యం బాగానే ఉన్న సింహాల్లో మూడోవంతు డిస్టెంపర్ వైరస్‌కు బలయ్యాయి. 2018లో గిర్ అడవిలో అదే వైరస్ సోకి 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు భయపెట్టింది ఇంకోటి కూడా: ఆసియా సింహాలకు అడవిలో మిగిలిన చోటు ఆ ప్రాంతం ఒక్కటే. 2025 లెక్కల్లో వాటి సంఖ్య 891. అంకె పెరిగినందుకు సంతోషమే. అవన్నీ దాదాపు ఒకే చోట ఉన్నాయన్న భయం మాత్రం అలాగే ఉంది.

మరో సీసాలోంచి తెచ్చి కలిపితే

బ్యూరీ ఈగల దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఒక్కో సీసా ఒక్కో రూపాన్ని పోగొట్టుకుంది, కానీ అన్ని సీసాలూ ఒకే రూపాన్ని పోగొట్టుకోలేదు. కాబట్టి ఈ సీసాలోంచి ఒక ఈగను తీసి ఆ సీసాలో వేస్తే, పోయింది తిరిగొస్తుంది. కొత్త ఉత్పరివర్తనం కోసం వేల తరాలు ఆగక్కర్లేదు. తరానికి ఒక్క వలస జంతువు వచ్చి సంతానం కన్నా రెండు గుంపులు పూర్తిగా విడిపోకుండా ఉంటాయని లెక్కలు చెబుతాయి. ఆచరణలో ఇంకొన్ని ఉంటే మేలని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఇది పనిచేస్తుందని రుజువులున్నాయి. ఫ్లోరిడాలో 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. వాటిలో ఐదు పిల్లల్ని కన్నాయి. కొన్నేళ్లలో పాంథర్ల సంఖ్య మూడింతలైంది, తోక వంకరలు, గుండె లోపాలు తగ్గాయి. ఇల్లినాయ్ ప్రెయిరీ కోళ్లకు ఇతర రాష్ట్రాల నుంచి 271 కోళ్లను తెచ్చి కలిపాక గుడ్లు మళ్లీ 90 శాతం దాటి పొదిగాయి. స్వీడన్ తీరంలో ఒంటరైన ఒక యాడర్ పాముల గుంపులో 1992లో బయటి నుంచి తెచ్చిన 20 మగ పాములను వదిలితే, కొన్నేళ్లకు పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఎలాంటివి తెస్తున్నామన్నది మాత్రం చూసుకోవాలి. అప్పటి చెకొస్లొవేకియాలోని టాట్రా కొండల్లో ఐబెక్స్ మేకలకు టర్కీ, సైనాయ్ ప్రాంతాల మేకలను కలిపారు. సంకర మేకలు ముందే జతకట్టి గడ్డకట్టే చలిలో ఫిబ్రవరిలో ఈనాయి, పిల్లలు బతకలేదు, మంద అంతరించింది. వాతావరణంలో అంత తేడా ఉన్న చోట్ల నుంచి తేకుండా, ఈ మధ్యకాలంలోనే విడిపోయిన దగ్గరి గుంపుల నుంచి తెస్తే ఇలాంటి ప్రమాదం చాలా తక్కువ. ఈ భయంతో ఏమీ చేయకుండా కూర్చోవడమే ఎక్కువ గుంపులను ముంచుతోందని నా నమ్మకం.

సిమిలిపాల్‌లోనూ ఈ పని మొదలైంది. 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో మహారాష్ట్రలోని తడోబా అడవి నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను అక్కడికి తెచ్చారు. జీనత్ కొత్త చోట నిలవలేదు. అడవి దాటి జార్ఖండ్‌కు, అక్కడి నుంచి పశ్చిమ బెంగాల్‌కు నడిచింది. మూడు రాష్ట్రాల అటవీ సిబ్బంది వారాల తరబడి వెంట తిరిగి, డిసెంబరు చివర్లో బాంకురా జిల్లాలో మత్తు మందు ఇచ్చి పట్టుకుని వెనక్కి తెచ్చారు. దారులు తెరిచి ఉంటే పులులు ఇలా తమంతట తామే రాకపోకలు సాగిస్తాయి. ఇక్కడ ఆ దారులు మూసుకుపోయాయి కాబట్టే లారీల్లో తేవాల్సి వచ్చింది.

తడోబా పులుల్లో ఆ టాక్‌పెప్ మార్పు లేదు. కాబట్టి తడోబా ఆడపులి సిమిలిపాల్‌లోని ఒక నల్లటి మగపులితో జతకడితే పుట్టే కూనలన్నీ మామూలు నారింజ రంగులో, మామూలు చారలతోనే ఉంటాయి. ఒక్కో కూనలోనూ నల్లరంగు ప్రతి ఒకటి, తడోబా నుంచి వచ్చిన ప్రతి ఒకటి పక్కపక్కనే ఉంటాయి.